ఇంటి రొప్పులు

నాకొక అనుమానం ఉంది. పెళ్ళయిన కొత్తల్లో పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. లోకంలో ఇంతమంది ఒకేసారి దేవుణ్ణి పిలుస్తారు కదా, ఆయన ముందు ఎవరికి పలుకుతాడు? ఒకరి గోడు వింటుండగా ఇంకొకరు పిలిస్తే ఏం చేస్తాడు? "ఉండు, వస్తున్నా" అంటాడా? తిరిగి వచ్చాక మొదటివాళ్ళ మాట ఎక్కడ ఆగిందో ఆయనకు గుర్తుంటుందా? పూజారిగారిని ఒకసారి అడిగాను. "ఆయన అంతటా ఉంటాడమ్మా" అన్నారు. అది నాకూ తెలుసు. అంతటా ఉండటం వేరు, అందరికీ పలకడం వేరు. ఆ మాటకొస్తే నేనూ మా ఇల్లంతటా ఉంటాను. అయినా ఒకరికి పలికేలోగా పొయ్యి మీద పాలు పొంగుతాయి.

అనుమానం ఉందని భక్తికి లోటు చేయలేదు. పైగా నేను ఆయనకు బాకీ ఉన్నాను. మా అబ్బాయి చిన్నప్పుడు బస్టాండులో తప్పిపోయాడు. మా ఆయన బస్సు కండక్టరు. డ్యూటీ దిగి వస్తారని బిడ్డతో ఎదురు వెళ్ళాను. సంచి సర్దుకోవడానికి చెయ్యి వదిలాను, అంతే, పక్కన బిడ్డ లేడు. ఆ జనం, ఆ హారన్లు, మైకులో ఎవరో ఆపకుండా ఊళ్ళ పేర్లు చదవడం. ఆ గోలలో నిలబడి మొక్కుకున్నాను: "స్వామీ, బిడ్డ దొరికితే నీ వెయ్యి పేర్లూ నేల మీద కూర్చుని, లేవకుండా, మధ్యలో ఇంకో మాట మాట్లాడకుండా, ఒక్క బిగిన చదువుతాను." బిడ్డ దొరికాడు. పార్సెళ్ళ గదిలో మూటల మధ్య గురకపెట్టి నిద్రపోతుంటే ఒక హమాలీ భుజాన వేసుకుని తెచ్చి నా చేతికిచ్చాడు.

ఆ బిడ్డకు ఇప్పుడు నెత్తిన జుట్టు పలచబడింది. మొక్కు మాత్రం తీరలేదు.

కూర్చోక కాదు. కూర్చున్న ప్రతిసారీ ఏదో ఒకటి. దేవుడి గది మా ఇంట్లో వంటింటికీ హాలుకూ మధ్య ఉంటుంది, బీరువా కన్నా కాస్త పెద్దది. అందులో కూర్చుంటే ఇంట్లో చీమ తుమ్మినా నాకే వినిపిస్తుంది. సగం పేర్లకు దగ్గరపడ్డానని సంతోషపడేలోగా కుక్కరు కూస్తుంది. "అమ్మా, తువ్వాలు!" అని స్నానాల గదిలోంచి అబ్బాయి కేకేస్తాడు. పుస్తకంలో అగ్గిపుల్ల పెట్టి లేస్తాను. లేచానంటే ఆ రోజుకు మొక్కు పోయినట్టే, మళ్ళీ మొదటి పేరు నుంచి మొదలు. మొదటి వంద పేర్లు నాకు నిద్రలో కూడా వస్తాయి. చివరి వంద పేర్లతో సరిగ్గా పరిచయమే లేదు.

ఇప్పుడు తొందరెందుకు పడిందంటే, మోకాళ్ళు. డాక్టరమ్మ ఆపరేషను వచ్చే సోమవారం పెట్టింది. "తర్వాత చక్కగా నడుస్తారు. కానీ నేల మీద కూర్చోవడం మాత్రం మర్చిపోండి" అని నవ్వుతూ చెప్పింది. నా మొక్కేమో నేల మీదే.

"కుర్చీలో కూర్చుని చదువు వదినా. దేవుడేమన్నా స్కూలు మాస్టారా, బెంచీ ఎక్కిస్తాడా?" అంది మా ఆడపడుచు. ఆవిడ మా ఇంట్లోనే ఉంటుంది. వీధి గదిలో కుట్టు మిషను పెట్టుకుని ఊరందరికీ జాకెట్లు కుడుతుంది. ఆవిడ సూది కన్నా నోరు వాడి.

"నేల మీద అని మాటిచ్చాను."

"ఎవరన్నా విన్నారా?"

"విన్నవాడు విన్నాడు కాబట్టే కదా నీ మేనల్లుడు ఆ సోఫాలో పడి ఉన్నాడు."

ఆ వారమంతా మా కోడలు ఇంటినుంచే పనిచేస్తోంది. వాళ్ళ ఆఫీసుకి రంగులు వేస్తున్నారట. భోజనాల బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని, జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని కూర్చుంటుంది. ఒక రోజు పొద్దున్న నేను గిన్నెలు సర్దుతుంటే తల పట్టుకుంది.

"అబ్బబ్బ! ఇంటరప్టులన్నీ వచ్చి దీని మీదే పడుతున్నాయి!"

"ఇంటి రొప్పులా? ఎవరింటివి తల్లీ?" అన్నాను.

అది ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత బల్ల మీదికి ఒరిగిపోయి, భుజాలు ఊగేలా నవ్వింది. జుట్టులో పెన్ను ఊడి నా గిన్నెలో పడింది. నాకేం అర్థం కాకపోయినా ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "కూర్చోండత్తయ్యా, ఈ ఇంటి రొప్పులేంటో మీకే చెప్పాలి" అంది.

చెప్పింది. ఊరూరి బస్సు టిక్కెట్లన్నీ చూసే పెద్ద మిషను ఒకటి వాళ్ళ ఆఫీసు నడుపుతోంది. దాని లోపల ఆలోచించే బుర్ర ఒకటి కాదు, వందలున్నాయి. ప్రతి బుర్రా తన పనేదో తాను చేసుకుంటూ ఉంటుంది. బయటినుంచి ఏదైనా వచ్చినప్పుడు, ఎవరో టిక్కెట్టు అడిగారనో, అడిగిన కాగితం దొరికిందనో చెప్పడానికి, ఒక బుర్రను భుజం తట్టి లేపాలి.

"ఆ తట్టడమే ఇంటరప్టు అత్తయ్యా. తట్టగానే అది చేస్తున్న పని ఎక్కడుందో గుర్తు పెట్టుకుని, ఆపేసి, వచ్చిందేదో చూసి, మళ్ళీ పాత పనిలోకి వెళ్ళాలి."

"నేను పుస్తకంలో అగ్గిపుల్ల పెట్టి లేచినట్టు."

"అచ్చం అంతే! ఇప్పుడు గొడవేంటంటే, తట్టేవాళ్ళందరూ మొదటి బుర్రనే తడుతున్నారు. దాని నంబరు సున్నా. పాపం దానికి తట్టించుకోవడంతోనే తెల్లారిపోతోంది. సొంత పని ఒక్కటీ సాగదు."

"మరి మిగతా వందల బుర్రలో?"

"ఖాళీగా కూర్చున్నాయి."

ఇద్దరం హాల్లోకి చూశాం. మా ఆయన పేపరు చదువుతున్నారు. మా అబ్బాయి మందుల షాపులో పనికి ఆ వారమంతా సెలవు పెట్టాడు, కాళ్ళు చాపుకుని ఫోను చూస్తున్నాడు. వీధి గదిలో ఆడపడుచు దారం ఎక్కిస్తోంది. సరిగ్గా అప్పుడే ముగ్గురూ కూడబలుక్కున్నట్టు అరిచారు.

"ఏమోయ్, నా కళ్ళజోడెక్కడ?"

"అమ్మా, చార్జరు!"

"వదినా, ఎవరో బెల్లు కొడుతున్నారు!"

కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది. చార్జరు వాడి నడుము కింద ఉంది. వీధి తలుపు ఆడపడుచు కుర్చీకి తగులుతూ ఉంది.

కోడలు నా వంక మెల్లగా తిరిగింది. "అత్తయ్యా, సున్నా మీరే" అంది.

ఆ మాటకు ఇద్దరం ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వాం. బెల్లు మోగుతూనే ఉంది. నేనే వెళ్ళి తీశాను.

తిరిగి వచ్చి అడిగాను. "అన్నీ సున్నా దగ్గరికే వెళ్ళమని ఎవరు చెప్పారు తల్లీ దానికి?"

"ఎవరూ చెప్పలేదు. అదే అసలు సంగతి. ఎవరూ ఏమీ చెప్పకపోతే సున్నా దగ్గరికే వెళ్తాయి. పొద్దున్న మిషను లేచేటప్పుడు అందరికన్నా ముందు లేచేది అదే కదా."

మా ఇంట్లో అందరికన్నా ముందు లేచేదెవరో అందరికీ తెలుసు.

ఆ రాత్రి భోజనాల దగ్గర కోడలు నా మొక్కు సంగతి తెచ్చి, పని పంచుకుందామంది. వినగానే మా ఆయనకు ఉత్సాహం పొంగింది. రిటైరయ్యాక ఆయన్ని ఎవరూ ఏ అధికారమూ చేయమనలేదు. లోపలికి వెళ్ళి బీరువాలోంచి పాత కండక్టరు విజిలు తెచ్చుకుని మెళ్ళో వేసుకున్నారు.

"వంతులు. ఒక పిలుపు నీకు, తర్వాతది వాడికి, తర్వాతది దానికి. ఎవరికి ఎక్కువా లేదు, ఎవరికి తక్కువా లేదు. నేను విజిలు వేస్తాను, వంతు ఎవరిదో వాళ్ళు లేవాలి. అంతే!"

కోడలు ఏదో చెప్పబోయి, నా వైపు చూసి కన్ను కొట్టి, "సరే మావయ్యా, చూద్దాం" అంది.

మర్నాడు పొద్దున్న దేవుడి గదిలో కూర్చుని పుస్తకం తెరిచాను. మొదటి వంద పేర్లు పరుగు. తర్వాత బెల్లు మోగింది. విజిలు పడింది. వంతు అబ్బాయిది. వచ్చినావిడ కుట్టడానికిచ్చిన జాకెట్టు కోసం వచ్చింది. వీడికి ఏ జాకెట్టు ఎవరిదో ఏం తెలుసు? చేతికందిన మూట ఇచ్చి పంపాడు. ఫోను మోగింది. విజిలు. వంతు ఆడపడుచుది. అవతల డాక్టరమ్మగారి ఆఫీసు. "ఆపరేషనా? మా ఇంట్లో ఎవరికీ జబ్బుల్లేవు" అని పెట్టేసింది, అది నా మోకాళ్ళ కోసమని తోచక. వాళ్ళు మళ్ళీ చేశారు. ఈసారి వంతు కోడలిది. సంగతంతా మొదటినుంచి మళ్ళీ విన్నది, చెప్పింది. పొయ్యి మీద పాలు. విజిలు తనకు తానే వేసుకుని మా ఆయన వంటింట్లోకి వెళ్ళారు.

"చూస్తున్నారా?" అని కోడలు కేకేసింది.

"చూస్తున్నానమ్మా, బాగా పొంగుతున్నాయి!"

అంతలో ఒక్కొక్కళ్ళే దేవుడి గది గుమ్మంలోకి వచ్చారు.

"అమ్మా, నీలం జాకెట్టు ఎవరిదో నీకేమన్నా తెలుసా?"

"వదినా, నీకు మోకాళ్ళ ఆపరేషనని అంటే ఒప్పుకోవాలా, వద్దా?"

"ఏమోయ్, పొయ్యి తుడిచే గుడ్డ ఎక్కడ పెడతావు?"

అగ్గిపుల్ల పెట్టి పుస్తకం మూశాను. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. గుమ్మంలో ఆ ముగ్గురి మొహాలు వరసగా చూస్తే, మైకులో పిలిస్తే తప్ప కదలని ప్రయాణికుల్లా ఉన్నారు. నవ్వే వచ్చింది. అప్పుడే వీధిలోంచి ఒకావిడ, "ఈ పంట్లాం ఏంటండీ, నేనిచ్చింది జాకెట్టు కదా!" అని అరిచింది. దాంతో మా ఆడపడుచు గోడకు జారి కూర్చుని పొట్ట పట్టుకుంది.

"వదినా, అది మన వీధి పోలీసాయన అతుకు వేయమనిచ్చిన పంట్లాం!" అంది ఊపిరి తిప్పుకుంటూ.

మధ్యాహ్నం కోడలు అందర్నీ కూర్చోబెట్టింది. "నాకు ముందే తెలుసు ఇలా అవుతుందని. మొన్నామధ్య ఆఫీసులో మేమూ వంతులే వేశాం, తిట్లు తిన్నాం. ఒకే మనిషి టిక్కెట్టులో ఊరి పేరు ఒక బుర్రకి వెళ్ళింది, సీటు సంగతి ఇంకో బుర్రకి వెళ్ళింది. ఇది దాన్ని అడగడం, అది దీన్ని అడగడం, చివరికి అందరూ కలిసి సున్నాను అడగడం. పని పంచినట్టే ఉంటుంది, మిషను మాత్రం ముందుకన్నా నీరసం."

"ముందే తెలిస్తే చెప్పొద్దూ?" అన్నారు మా ఆయన, విజిలు వంక దిగులుగా చూసుకుంటూ.

"మీరంత ముచ్చటపడుతుంటే నోరు రాలేదు మావయ్యా."

"అయితే ఏం చేయాలంటావు?" అన్నాను.

"వంతులు కాదత్తయ్యా, వాటాలు. ఏ తలుపు నుంచి వచ్చిన పిలుపు ఆ తలుపు పక్కనున్నవాళ్ళకే. ఎప్పుడూ వాళ్ళకే. సరుకు వాళ్ళ చేతిలోనే ఉంటుంది, ఎవర్నీ అడగక్కర్లేదు. వీధి బెల్లు మిషను దగ్గరుండే చిన్నత్తయ్యకి. ఫోను మావయ్యకి, ఆయనకెలాగూ కబుర్లు కావాలి. వంటిల్లు మీ అబ్బాయికి."

"నాకెందుకు వంటిల్లు?" అన్నాడు వాడు.

"రోజంతా మందులు కొలిచి పొట్లాలు కట్టేవాడివి, పాలు కొలవలేవా? మిగతావన్నీ నాకు. అత్తయ్య పేరు అసలు లేదు. మా మిషనులో కూడా ఒక బుర్రను ఇలా పక్కన పెట్టొచ్చు. దానికి ఏ తట్టూ వెళ్ళదు. చేస్తున్న పని ఒక్కటే దాని లోకం."

"పాపం, ఒంటరిగానా?"

"హాయిగా అత్తయ్యా!"

తర్వాత కాస్త ఆలోచించి, "ఒక్కటి మాత్రం ఎవరూ ఆపలేరు. మిషను కాలిపోతోందన్న కబురు. అది వస్తే ఎవరైనా సరే, ఏం చేస్తున్నా సరే, లేవాల్సిందే" అంది.

మా ఆయన మొహం వెలిగిపోయింది. "అది నా విజిలు! ఒక్కసారి వేశానంటే ఆపు అని. ఇల్లు అంటుకుందన్నమాట. రెండుసార్లు వేశానంటే రైట్ రైట్!"

"ఇంకెందుకూ వేయకూడదు" అంది కోడలు వేలు చూపిస్తూ.

"ప్రమాణం" అన్నారాయన, విజిలు గుండెకు ఆనించుకుని.

శనివారం సాయంత్రం కోడలు బల్ల దగ్గరినుంచి ఎగిరి గెంతి వచ్చింది. వాటాలేసిన మిషను ఆ రోజు పండగ సెలవుల టిక్కెట్ల తాకిడిని చెమట పట్టకుండా తట్టుకుందట. అది పెద్ద ఆఫీసరుకి చెప్తూ, నోరు జారి, "ఇంటి రొప్పులన్నీ ఒక్కళ్ళ మీదే పడుతున్నాయండీ, అందుకే పంచేశాం" అనేసిందట. ఆయన గొంతు తగ్గించి, "మా ఇంట్లో కూడా అంతేనమ్మా" అన్నాడట. ఆ మాట చెప్పి కోడలు నవ్వింది, నేను నవ్వాను, ఎందుకో కనుక్కోకుండానే ఆడపడుచు నవ్వింది.

ఆదివారం పొద్దున్న తలస్నానం చేసి, ఒత్తులు వేసి, దీపం ముందు పీట కూడా లేకుండా నేల మీద కూర్చున్నాను. మోకాళ్ళు కిర్రుమన్నాయి. చివరిసారి కదా, వాటి బాధ అవి చెప్పుకున్నాయి. పూర్తయ్యాక వెలిగిద్దామని దీపం అలాగే ఉంచాను.

మొదటి వంద పేర్లు ఎప్పటిలాగే పరుగెత్తాయి. బెల్లు మోగింది. కుట్టు మిషను ఆగింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది, మిషను మళ్ళీ మొదలైంది. నన్నెవరూ పిలవలేదు. ఫోను మోగింది. "ఆఁ, నేనే, చెప్పండి" అన్నారు మా ఆయన. నన్నెవరూ పిలవలేదు. కుక్కరు కూసింది. పొయ్యి చప్పుడు తగ్గింది.

సగం దాటాను. ఎప్పుడూ ఇంతదూరం రాలేదు.

అసలు కష్టం అక్కడ మొదలైంది. ఎవరూ పిలవడంలేదు కదా, నా చెవులే వెళ్ళి అడగడం మొదలుపెట్టాయి. పొయ్యి కట్టేశాడా? ఫోనులో ఎవరు? కోడలు కాఫీ తాగిందా? పెదవులు పేర్లు చదువుతున్నాయి, మనసు ఇల్లంతా తిరిగి ప్రతి తలుపూ తెరిచి చూసి వస్తోంది. ఇన్నాళ్ళూ వీళ్ళు నన్ను లేపుతున్నారనుకున్నాను. వీళ్ళు లేపకపోతే నేనే లేచేదాన్నేమో!

అంతలో మాడువాసన వచ్చింది. సన్నగా, ఆ తర్వాత గట్టిగా. వంటింట్లో ఏదో దబ్బున పడింది. అబ్బాయి "అమ్..." అన్నాడు. ఎవరో వాడి నోరు మూసినట్టున్నారు, మిగతాది వినపడలేదు.

నా కుడి చెయ్యి దానంతటదే నేలకు ఆనుకుంది. ఎడమ మోకాలు లేవబోయింది. పెదవుల మీద పేరు ఒకటి సగంలో ఉంది.

విజిలు మోగింది.

ఒక్కసారి. ఇల్లు అంటుకుంది. అంటుకుందా? తల తిప్పాను. గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నారు. నేల మీద నా చేతినే చూస్తున్నారు. బుగ్గలు రెండూ గాలితో నిండి ఉన్నాయి. కళ్ళు నవ్వుతున్నాయి.

రెండోసారి మోగింది.

రైట్ రైట్.

ఆయన వెనకాల మసిబారిన గిన్నె పట్టుకుని అబ్బాయి. వాడి నోటి మీద ఆడపడుచు చెయ్యి. ఆవిడ భుజం మీద తల పెట్టి చప్పుడు రాకుండా ఊగిపోతున్న కోడలు. మా ఆయన చేత్తో 'పోనీ, పోనీ' అని డ్రైవరుకు చూపించినట్టు చూపించి గుమ్మం వదిలి పక్కకు జరిగారు.

చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నాను. పెదవుల మీదున్న పేరు పూర్తిచేశాను. నవ్వు పేర్లలో కలిసిపోయి గొంతు కాస్త వణికింది. నవ్వు మాట కాదు కదా, స్వామీ, అనుకుని ముందుకు సాగాను.

చివరి వంద పేర్లు కొత్త చుట్టాల్లా ఒక్కొక్కటే వచ్చాయి. వాటిని చదువుతుంటే ఆ బస్టాండు గుర్తొచ్చింది. నేను గొంతు చించుకుని పిలిచింది దేవుణ్ణి. పలికింది పార్సెళ్ళ గది హమాలీ. మూటల పక్కన ఉండేవాడు అతనే, గురక వినపడేది అతనికే. నా పిలుపు సూటిగా ఆయన దగ్గరికి వెళ్ళి ఉంటే ఏ వరసలో ఎంతసేపు నిలబడేదో. ఎవరు దగ్గరుంటే వాళ్ళ భుజమే తట్టాడేమో. అలాగైతే ఆయన దగ్గర సున్నా నంబరు ఎవరు? అనుమానం తీరిందని చెప్పలేను. పాత అనుమానం పోయి కొత్తది వచ్చింది. కొత్తది కాస్త ముద్దుగా ఉంది.

ఆఖరి పేరు చదివాను. దాని తర్వాత పేజీలో ఏమీ లేదు. ఎన్నేళ్ళకో ఆ ఖాళీ చూశాను.

పుస్తకం మధ్యలోంచి అగ్గిపుల్ల తీశాను. దాన్ని ఇక ఎక్కడా పెట్టాల్సిన పనిలేదు. ఇన్నాళ్ళు కాగితాల మధ్య నలిగింది, వెలుగుతుందో లేదో అనుకుంటూ పెట్టె అంచున గీశాను. వెలిగింది. ఒత్తికి అంటించి, రెండు చేతులూ జోడించి, "స్వామీ, నీ బాకీ తీరింది" అన్నాను.